పుల్లమ్మ చెవుల్లో దూది

తూర్పుపాలెంలో పుల్లమ్మలు ముగ్గురు. ఒకామె పొడుగు పుల్లమ్మ, ఇంకొకామె బడ్డీకొట్టు పుల్లమ్మ. మూడో ఆమెను ఎండాకాలంలో పాటల పుల్లమ్మ అంటారు, చలికాలంలో చెవుల పుల్లమ్మ అంటారు. ఆ ఊళ్ళో పేరు పెట్టేటప్పుడు ఎవరినీ అడగరు. ఒకసారి పెట్టాక ఇక తియ్యరు.

పాటల పేరు చర్చి వల్ల వచ్చింది. పల్లె చివరనున్న చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది పుల్లమ్మే. చదువు రాదు కాబట్టి పుస్తకంతో పని లేదు, ఏ పాటకు ఎన్ని చరణాలో అన్నీ నోట్లోనే ఉంటాయి. చెవుల పేరు మాత్రం ఆమె చేజేతులా తెచ్చుకున్నది.

పుల్లమ్మకు చలి మీద ఒక సిద్ధాంతం ఉంది. చలి కాళ్ళలోంచి ఎక్కదు, ఛాతీలోంచి ఎక్కదు, చెవుల్లోంచి దూరుతుంది. చెవులు మూసుకున్న మనిషిని చలి ఏమీ చెయ్యలేదు. చిన్నప్పుడు ఒక క్రిస్మస్ నెలలో ఆమెకు చెవిపోటు వచ్చి గుక్క తిప్పుకోకుండా ఏడిస్తే, వాళ్ళమ్మ నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బ వేయించి, గోరువెచ్చగా చెవిలో పోసి దూది పెట్టిందట. తెల్లారేసరికి పోటు తగ్గిందట. నూనెకు తగ్గిందో, దానంతట అదే తగ్గిందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? పుల్లమ్మకు మాత్రం ఆనాటి నుంచీ దేవుడి తరవాత నూనె, దూదే.

సిద్ధాంతం ఉన్నాక చెప్పుకోవడానికి మనుషులు కావాలి. వాళ్ళు ఆమెకు ముఠా నిండా ఉన్నారు. వెంకటేశ్వరమ్మ మేస్త్రిగా ఉన్న ఆడకూలీల ముఠా అది. చలి మొదలైతే పత్తి తీతలు, ఆ తరవాత మిరపకాయ కోతలు. పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో వాళ్ళు తిరగని గట్టు లేదు. ఇంకా మసక ఉండగానే ట్రాలీ ఆటో వచ్చి చర్చి ముందు హారన్ కొడుతుంది. ఆడవాళ్ళంతా టిఫిన్ క్యారియర్లతో ఎక్కి, వెనకవైపు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటారు. ఆటో కదిలిందంటే చలిగాలి రెండు వైపుల నుంచీ చెవుల మీదే కొడుతుంది. అందుకే ఆ ఆటోలో పుల్లమ్మ సిద్ధాంతాన్ని కాదన్నవాళ్ళు లేరు.

తీరా చేలో దిగాక పని ఉండదు. మంచుకు తడిసిన పత్తి తీస్తే నల్లబడుతుంది, కొనేవాడు వంక పెడతాడు. అందుకని మంచు ఆరేదాకా ముఠా మొత్తం గట్టు మీద కూర్చోవాల్సిందే. మరి అంత పొద్దున్నే తీసుకురావడం దేనికంటే, ఆటో అబ్బాయి ఇంకో ఊరి ముఠాను దింపాలి. అతని తొందరకు వీళ్ళు చలిలో వణకాలి. ఇదేం న్యాయమని ఎవరూ అడగరు, ఆ కూర్చునే వేళ అందరికీ ఇష్టమే కాబట్టి.

ఆ వేళలోనే పుల్లమ్మ వైద్యం నడిచేది. ముందు రోజు తీసిన పత్తిలో ఒక గుప్పెడు కొంగున కట్టుకుని తెచ్చుకునేది. గింజలు వలిచి, వేళ్ళ మధ్య ఉండలు చేసి, చిన్న సీసాలో తెచ్చిన వెల్లుల్లి నూనెలో ముంచి అడిగినవాళ్ళ చెవుల్లో పెట్టేది. అడగనివాళ్ళ చెవుల్లో కూడా పెట్టేది. ముఠాలో చెవిలోంచి నూనె కారని మనిషి ఉండేది కాదు.

అందరికంటే ఆఖరున పెట్టించుకునేది షాజాదీ. పెట్టించుకుంటూ ఏదో ఒకటి అనకుండా ఉండేది కాదు. షాజాదీ వాళ్ళు నూర్‌బాషాలు, తాతల నాడు ఇంటింటికీ తిరిగి దూది ఏకినవాళ్ళు. మా ఇంట పుట్టిన దూదిని నాకే పెడుతున్నావా అక్కా అని ఏడిపించేది. నోరు మూసుకుని చెవి ఇటు పెట్టవే అనేది పుల్లమ్మ.

వీళ్ళిద్దరి స్నేహం గురించి ఒక మాట చెప్పాలి. షాజాదీ మొగుడు పోయి, చిన్నపిల్ల ఉజ్మాను చంకనేసుకుని దిక్కు తోచక కూర్చున్నప్పుడు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముఠాలో చేర్చింది పుల్లమ్మ. ఆ రోజు నుంచీ చేలో వీళ్ళవి పక్కపక్క సాళ్ళు. చేతులు కాయల మీద, నోళ్ళు మాటల మీద. ఇంటి కబుర్లు, ఊరి కబుర్లు, ఒంట్లో నొప్పులు, చచ్చిపోయిన మొగుళ్ళ మీద చాడీలు, అన్నీ ఆ సాళ్ళ మధ్యే దొర్లిపోయేవి. ఉజ్మాకు సంబంధం వచ్చినా, ఇంటికి రేకులు మార్చాలన్నా, మేక అమ్మాలన్నా షాజాదీ ముందు పుల్లమ్మను అడిగేది. పుల్లమ్మ సరేనంటేనే సరే. వేరేవాళ్ళ పక్కన సాలు పట్టాల్సివస్తే పుల్లమ్మకు ఆ రోజు నడుమునొప్పి రెట్టింపయ్యేది. ఆ మాట ఆమే అందరితో చెప్పేది.

కిందటి చలికాలం ఈ ఏర్పాటంతా చెడింది.

మొదట్లో పుల్లమ్మకు తెలియలేదు. ఆటో హారన్ ఈసారి మెల్లగా కొడుతున్నాడేమో అనుకుంది. కోడలు ఆరాధన గొణుగుతోందని విసుక్కుంది. ఆరాధన ఇంట్లోనే బట్టలు కుట్టే పిల్ల, అత్తమీద గొణిగే రకం కాదు. తరవాత మిషను చప్పుడు కూడా ఎక్కడో పక్కింట్లోంచి వస్తున్నట్టు పుల్లమ్మకు అనిపించింది. మంచం మీద కూర్చుని చెవి దగ్గర వేళ్ళతో చిటికె వేసి చూసుకుంది. కుడి చెవికి ఏమీ అందలేదు. ఎడమ చెవికి అందీ అందనట్టు అందింది.

చలి లోపలికి దూరిపోయిందని ఆమె తేల్చుకుంది. మందు చేతిలోనే ఉంది కాబట్టి నూనె ఇంకొంచెం ఎక్కువ పోసుకుంది. దూది ఇంకొంచెం లోపలికి తోసుకుంది. మర్నాటికి ఇంకా తక్కువ వినబడింది. అయినా ఆమెకు నూనె మీద అనుమానం రాలేదు. చలి ఈ ఏడు మరీ మొండిగా ఉందనుకుంది.

ఇంట్లోనైనా, ముఠాలోనైనా ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. అంతకు ముందు ఏడు కళ్ళు ఆనడం లేదన్న ఒకామెను వెంకటేశ్వరమ్మ ముఠాలోంచి తప్పించింది. చేలో పామో, వెనక్కి వచ్చే ట్రాక్టరో ఉంటే కేక వేస్తారు కదా, ఆ కేక వినబడని మనిషిని ఏ మేస్త్రి ఉంచుకుంటుంది? అదొక భయం. దానికంటే పెద్ద భయం ఇంకొకటి. ఊళ్ళో ముగ్గురు పుల్లమ్మలు ఉన్నారు. వినబడదని తెలిసిన మర్నాడే తన పేరు చెవిటి పుల్లమ్మ అయిపోతుంది. అందరి చెవులకూ మందు వేసే మనిషికి అంతకంటే సిగ్గు ఇంకేముంది?

అందుకని పుల్లమ్మ నటన నేర్చుకుంది. అందరూ నవ్వితే తనూ నవ్వేది. ఎవరైనా తనవైపు చూసి పెదాలు కదిపితే ‘ఊఁ’ అనేది. ముఖం చూసి కష్టమో సుఖమో పోల్చుకుని, కష్టమైతే ‘ఏం చేస్తాం’ అనేది, సుఖమైతే ‘మంచిదేలే’ అనేది. లోకంలో సగం మాటలకు ఈ రెండే చాలని ఆమెకు అప్పుడే తెలిసింది. వారం తిరిగేసరికి ఆమె నటన మీద ఆమెకే మహా నమ్మకం కలిగింది.

ఒకనాడు మంచు బాగా పట్టింది. గట్టు మీద అందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. షాజాదీ మిగతావాళ్ళకు కాస్త ఎడంగా వచ్చి పుల్లమ్మ పక్కన కూర్చుంది. తల వంచుకుని, చేతిలో గడ్డిపరక తుంచుతూ చాలాసేపు ఏదో చెప్పింది. ముఖం కనబడలేదు, పెదాలు కనబడలేదు. గాలి మాత్రం చెవుల చుట్టూ తిరుగుతోంది. చెప్పడం అయ్యాక షాజాదీ తలెత్తి చూసింది. ఏదో అడిగిందని పుల్లమ్మకు అర్థమైంది. షాజాదీ ఎప్పుడు నోరు తెరిచినా వేళాకోళమే కదా, తన మోకాళ్ళ నొప్పి మీద ఎప్పుడూ వేసే జోకే ఇంకొకటి వేసి ఉంటుందనుకుంది. పగలబడి నవ్వి, ఆమె తొడమీద ఒక్కటి చరిచి, ‘మంచిదేలే’ అంది. అని, దూది ఉండ తీసి ఆమె చెవి దగ్గర పెట్టబోయింది.

షాజాదీ ఆ చెయ్యి పక్కకు తోసేసింది.

ఆ రోజు షాజాదీ పుల్లమ్మ పక్క సాలు పట్టలేదు. అవతలి కొసన వేరేవాళ్ళ పక్కన పట్టింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆటోలో కూడా పక్కన కాకుండా మూలకు పోయి కూర్చునేది. పుల్లమ్మ రెండుసార్లు దగ్గరకు పోయి ఏందే సంగతని అడిగింది. షాజాదీ ఏదో అంది, ఏమందో పుల్లమ్మకు వినబడలేదు, ముఖం చూస్తే కోపమని మాత్రం తెలిసింది. మళ్ళీ అడుగుదామంటే మళ్ళీ వినబడదు. ఇద్దరి మధ్యా లేచిన గోడ పుల్లమ్మ ఒక్కదానికే కనబడుతోంది. ఒక్క మాటతో తీరిపోయే తగాదా, ఆ ఒక్క మాట తనకు వినబడదు. ఇరవై ఏళ్ళు పక్కన నడిచిన మనిషి ఇట్లా పోతుందా అని ఆమె చేలో కళ్ళు తుడుచుకుంటూ పత్తి తీసింది. ఆ తుడుచుకోవడం చూసి, చలికి కళ్ళు నీరు కారుతున్నాయని అందరూ అనుకున్నారు.

ఆమె గుట్టు బయటపడింది పొలంలో కాదు, చర్చిలో.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం. చర్చి నిండా రంగు కాగితాలు, నక్షత్రాలు. పుల్లమ్మ ఎప్పటిలాగే పాట ఎత్తుకుంది. ఇరవై ఏళ్ళుగా పాడిన పాట, చెవులతో పనేముంది? కళ్ళు మూసుకుని పాడింది. రెండో చరణం తరవాత పాస్టరు గారు చెయ్యి ఎత్తి పాట ఆపి, వాక్యం చదవడం మొదలుపెట్టారు. చర్చి మొత్తం ఆగిపోయింది. పుల్లమ్మ ఆగలేదు. మూడో చరణం ఎత్తుకుని, గొంతు పెంచి, ప్రభువు మీద ప్రేమతో ఊగిపోతూ పాడుతోంది. పాస్టరు గారు ఒకసారి ఆగి చూశారు. ముందు వరుసలో పిల్లలు కిసకిసలాడారు. పక్కన కూర్చున్న ఆరాధన అత్త మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. పుల్లమ్మ కళ్ళు తెరిచి చూసేసరికి నోళ్ళన్నీ మూసి ఉన్నాయి, కళ్ళన్నీ తనమీదే ఉన్నాయి.

ఇంటికి వచ్చాక, అత్త అన్నం వండుకుంటుంటే ఆరాధన వెనకాల నిలబడి, ఉప్పు అయిపోయిందని చెప్పింది. అత్త తిరగలేదు. ఇల్లు కాలిపోతోందని చెప్పింది. అత్త తాపీగా గంజి వార్చింది. ఆరాధన ముందుకు వచ్చి ఆమె కళ్ళలోకి చూస్తూ ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. ఆ పెదాల మీది మాట పుల్లమ్మకు స్పష్టంగా తెలిసింది. గరిటె కింద పెట్టి, పొయ్యి ముందే కూలబడి, ఇన్నాళ్ళు దాచినదంతా ఏడ్చింది. ముఠా పోతుందని ఏడ్చింది, పేరు పోతుందని ఏడ్చింది, అన్నిటికంటే ఎక్కువగా షాజాదీ తనతో మాట్లాడటం లేదని ఏడ్చింది.

మర్నాడు ఆరాధన మిషను మీద గుడ్డ కప్పేసి, అత్తను చీరాల తీసుకెళ్ళింది.

చెవి డాక్టరు మహతి చిన్న వయసు మనిషి. నుదుటికి దీపం కట్టుకుని కుడి చెవిలోకి కాసేపు చూసింది. ఆ కాసేపట్లో పుల్లమ్మ ప్రభువుకు మొక్కని మొక్కు లేదు. డాక్టరమ్మ సన్నని పట్కారు లాంటిది తీసుకుని, కదలొద్దని చేత్తో సైగ చేసి, లోపల నుంచి ఏదో మెల్లగా లాగింది. స్టీలు పళ్ళెంలో పడింది. నల్లగా, జిడ్డుగా, వెల్లుల్లి కంపు కొడుతున్న దూది ఉండ. తరవాత ఇంకొకటి లాగింది. దాని వెనకాల నాని ఉబ్బిన పత్తి గింజ ముక్క ఒకటి వచ్చింది.

పుల్లమ్మ ఆ పళ్ళెం వంక చూసి తల దించుకుంది. ఆ ఉండలు ఎవరు చుట్టారో ఆమెకు బాగా తెలుసు. ఒకనాటి సాయంత్రం చెవిలో దూది కనబడకపోతే ఎక్కడో పడిపోయి ఉంటుందనుకుని మర్నాడు ఇంకోటి పెట్టుకోవడం ఆమెకు గుర్తొచ్చింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. అదృష్టం కొద్దీ కర్ణభేరి చెడలేదని, లోపల చర్మం ఒరుసుకుపోయిందని, దానికి మందు రాస్తానని చెప్పింది. ఎడమ చెవిలో దూది లేదు కానీ ఏళ్ళనాటి గుబిలి నూనెతో కలిసి రాయిలా గట్టిపడిందట. దాన్ని ఇప్పుడే గీకితే నొప్పి చేస్తుంది కాబట్టి కొన్నాళ్ళు చుక్కల మందు వేసి, మెత్తబడ్డాక రమ్మంది. చలికి చెవిపోటు వస్తే జలుబు వల్ల ముక్కు వెనకాల దారి మూసుకుపోయి రావచ్చని, అప్పుడు ముక్కు గట్టిగా చీదకూడదని, చీము కారినా పోటు తగ్గకపోయినా వెంటనే చూపించుకోవాలని చెప్పింది. పిన్నీసులు, అగ్గిపుల్లలు చెవి దరిదాపులకు కూడా రానివ్వొద్దంది. పుల్లమ్మకు ఇదంతా కుడి చెవిలోంచి సూటిగా వినబడుతోంది. వినబడుతున్న సంతోషంలో సగం మాటలు బుర్రకు ఎక్కలేదు, ఆరాధన విని గుర్తుపెట్టుకుంది.

“మరి చలిగాలికి ఏం చెయ్యాలమ్మా?” అని పుల్లమ్మ అడిగింది. “మేము తెల్లారకముందే ఆటోలో పోవాలి.”

“చెవిని బయట నుంచి కప్పుకోండి. ఉన్ని టోపీనో, మందపాటి గుడ్డో, చెవి మొత్తం మునిగేట్టు. లోపల మాత్రం ఏమీ పెట్టకూడదు.”

“నూనె కూడానా?”

“నూనె కూడా.”

ఏళ్ళ తరబడి నమ్మిన నూనె సీసా ఒక్క మాటతో పోయింది. కానీ చెవి తిరిగి వచ్చింది. బేరం బాగానే ఉందని పుల్లమ్మ తనకు తాను చెప్పుకుంది.

బయటికి వచ్చాక వీధి ఆమె మీద పడింది. ఆటోల మోత, సోడా బండి గలగల, ఎక్కడో రైలు కూత. చేతి గాజులు కూడా చప్పుడు చేస్తున్నాయని అప్పుడే గుర్తించింది. బస్సులో కూర్చున్నాక కోడలితో ఏదో అని, తన గొంతు విని తనే ఉలిక్కిపడింది. ఈ నెల్లాళ్ళూ అందరి మీదా ఇట్లా అరిచిందన్నమాట. గొంతు తగ్గించి, నువ్వు ఇంత మెల్లగా మాట్లాడతావా అని అడిగింది. ఆరాధన నవ్వి, మొదటి నుంచీ ఇంతేనని చెప్పింది.

ఆ సాయంత్రం ఆరాధన పాత స్వెట్టరు ఒకటి కత్తిరించి, లోపల మెత్తటి బనీను గుడ్డ వేసి, గడ్డం కింద కట్టుకునేట్టు చెవి పట్టీ కుట్టింది. అత్త ఊరుకుంటుందా? ఆటోలో ఎక్కేవాళ్ళందరికీ కుట్టమంది. ఇంట్లో ఉన్న పాత స్వెట్టర్లు అయిపోయేదాకా ఆరాధన కుట్టింది.

పుల్లమ్మ వాటిని సంచిలో వేసుకుని పొద్దున్నే ఆటో ఎక్కింది. అందరి ముందూ చెప్పేసింది. వినబడలేదని చెప్పింది, దాచానని చెప్పింది, డాక్టరు పళ్ళెంలో ఏం పడ్డాయో కూడా చెప్పింది. చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయి, ఆ ఎరుపు చలి వల్ల కాదు. చెవుల డాక్టరమ్మ చెవుల్లోనే పత్తి పండిందని ఆడవాళ్ళు ఆటో కుదుపులకు మించి ఊగిపోతూ నవ్వారు. వెంకటేశ్వరమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకు ముందే అనుమానం వచ్చిందట. ట్రాక్టరు దారికి దూరంగా, అందరికీ కనబడేట్టు గట్టు పక్క సాలు పుల్లమ్మకు ఇస్తూ వస్తోందట. ముందే చెప్పి చావచ్చు కదా అని నాలుగు తిట్లు తిట్టి, ఒక పట్టీ తీసుకుని తన తలకు కట్టుకుంది. మిగతావాళ్ళలో కొందరు కట్టుకున్నారు. ఒకామె పట్టీ కట్టుకుని, దాని కింద చెవిలో దూది కూడా పెట్టుకుంది. పుల్లమ్మే ఇన్నేళ్ళు నేర్పిన పని, ఒక్కరోజులో మానమంటే ఎవరు మానతారు?

షాజాదీ మూలన కూర్చుని అంతా వింది. పట్టీ తీసుకోలేదు, నవ్వలేదు, తల తిప్పి పక్కకు చూస్తూ ఉంది.

చేలో దిగాక మంచు ఆరేదాకా అందరూ గట్టెక్కారు. పుల్లమ్మ నేరుగా పోయి షాజాదీ ఎడమపక్కన కూర్చుంది. కుడి చెవి ఆమెవైపు ఉండాలి కాబట్టి. కుదరగానే పట్టీ ఆ వైపు కాస్త పైకి తోసుకుంది.

“ఆ రోజు నువ్వు చెప్పింది నాకు ఒక్క ముక్క వినపళ్ళేదే షాజాదీ,” అంది. “ఎందుకు నవ్వానో నాకే తెలీదు. ఏం చెప్పావో మళ్ళీ చెప్పు.”

షాజాదీ ఇంకా తడిగా ఉన్న కాయల వైపే చూస్తూ పలికింది.

“నేను పోతానంటే నీకు నవ్వొచ్చిందనుకున్నా అక్కా.”

“ఎక్కడికి పోతావే?”

“అదే. అదే ఆ రోజు చెప్పా.”

పుల్లమ్మ చెవి అప్పగించి కూర్చుంది. షాజాదీ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. అత్తారి ఊరు వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే షెడ్డులో ఉజ్మా పని చేస్తోంది, అక్కడ ఇంకొకరు కావాలన్నారు. నీడపట్టున కూర్చుని చేసే పని. అల్లుడి ఇంట్లో ఉండటం బాగుండదని వాళ్ళ పక్కనే ఒక గది కూడా చూశారు. ఉజ్మా రోజూ ఫోను చేస్తోంది. ఇక్కడ పొద్దున్నే లేస్తే మోకాళ్ళు మడత పడటం లేదు, సాలు సగానికి వచ్చేసరికి ప్రాణం పోతోంది, ఎంత నొప్పో ఎవరికీ తెలియనివ్వడం లేదు. ఆ రోజు ఇదంతా చెప్పి, పొమ్మంటే పోతాను, ఉండమంటే ఉంటాను, ఏం చెయ్యమంటావని అడిగింది. దానికి పుల్లమ్మ పగలబడి నవ్వి, మంచిదేలే అంది. ఇరవై ఏళ్ళ మనిషి పోతుంటే ఇంత సంబరమా అని షాజాదీకి కడుపు మండిపోయింది. మండినా, ఉజ్మాకు మాత్రం ఇంతవరకూ ఔననీ కాదనీ చెప్పలేకపోయింది.

పుల్లమ్మ ఏడవకుండా ఉండటానికి ముక్కు బిగబట్టింది. గట్టిగా చీదకూడదని డాక్టరమ్మ చెప్పింది కదా.

“ఇప్పుడు చెప్పక్కా,” అంది షాజాదీ. “ఏం చెయ్యమంటావు?”

పుల్లమ్మ షాజాదీ లేని ఆటోను, ఈ గట్టును ఒక్కసారి తలుచుకుంది. పక్క సాలులో వేరే ఎవరో వంగి ఉండటం తలుచుకుంది. ఉండు అంటే షాజాదీ ఉంటుంది. ఆ సంగతి ఆమెకు ఖాయంగా తెలుసు. ఉండు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఈసారి పుల్లమ్మ షాజాదీ మాటలే కాదు, వాటి వెనక గొంతు కూడా విన్నది. నీడపట్టున అన్నప్పుడు ఆ గొంతు ఎట్లా తేలికపడిందో విన్నది. ఉజ్మా పేరు పలికినప్పుడల్లా అది ఎట్లా మెత్తబడిందో విన్నది. మోకాళ్ళ మాట ఇన్నాళ్ళూ వేళాకోళం అనుకుంది, అందులో ఉన్న నొప్పి ఇప్పుడు విన్నది. చెవులు బాగున్న రోజుల్లో కూడా దాన్ని తను వినలేదని ఆమెకు ఒక్కసారిగా తోచింది. ఆ తోచడం మిగతా అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

“పో,” అంది పుల్లమ్మ.

షాజాదీ ఆమె ముఖంలోకి చూసింది. నవ్వు లేదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

“మిరపకోతలు అయ్యాక పోతాలే అక్కా. ఈ ఏడుకు నీ పక్కనే ఉంటా.”

“మిరపకోతలకు ఉండబాకు. ఆ వంగుడు నీ వల్ల కాదు. పత్తి అయిపోగానే పో. ఈ పూటే ఉజ్మాకు ఫోన్ చెయ్యి, వస్తన్నానని చెప్పు.”

షాజాదీ పుల్లమ్మ భుజం మీద తల ఆనించింది. సంచిలో మిగిలిన ఒక పట్టీ తీసి పుల్లమ్మ ఆమె తలకు కట్టింది, చెవులు మునిగేట్టు సర్ది, గడ్డం కింద ముడి వేసింది. గాలి ఇంకా చల్లగానే ఉంది.

కాసేపటికి మంచు ఆరింది. వెంకటేశ్వరమ్మ లేచి ఒక కాయ గిల్లి చూసి, ఇక దిగమని కేక వేసింది. ఆ కేక పుల్లమ్మకు వినబడింది. ఇద్దరూ పక్కపక్క సాళ్ళు పట్టారు. షాజాదీ మాట్లాడటం మొదలుపెట్టింది, నెల్లాళ్ళ కబుర్లు పేరుకుపోయాయి మరి. మోకాళ్ళ వల్ల ఆమె మెల్లగా నడుస్తోంది. పుల్లమ్మ చేతులు ఎప్పుడూ ఆమెకంటే ముందుండేవి. ఆ రోజు ఆమె చేతులు కూడా మెల్లగానే కదిలాయి. సాలు వెనకబడుతోందని వెంకటేశ్వరమ్మ రెండుసార్లు అరిచింది. పుల్లమ్మ పెడచెవిన పెట్టి, షాజాదీ పక్కనే నడుస్తూ, ఆమె అన్న ప్రతి మాటకూ బదులు చెప్పింది.